బావమరిది మింగిన మాట

మా ఆవిడ తమ్ముణ్ణి మా ఇంట్లో అందరం అన్నీతెలుసు అంటాం. వాడు నన్ను ముంచాడు. ఈ మాట వాడి మొహం మీదే అన్నాను, ఇక్కడా అంటున్నాను.

నేను దుకాణాలకు షట్టర్లు బిగిస్తాను. నా చదువు ఏడో తరగతితో ఆగింది. మా అమ్మాయికి లెక్కలంటే ప్రాణం, వయొలిన్ అంటే అంతకన్నా ప్రాణం. రెంటికీ పట్టాలిచ్చే కాలేజీ కావాలంది. అలాంటిది ఊరవతల ఒకటుంది. ఐదేళ్ల చదువు, రెండు బస్సులు మారాలి. అన్నీతెలుసు మాత్రం ఇంటి పక్కనే ఇంకోటి కనిపెట్టాడు.

"సంగీతంతో డిగ్రీ బావా. మూడేళ్లలో తేలిపోతుంది. ఐదేళ్లు ఎవడు మోస్తాడు?"

ఫోను చేసి అన్నీ కనుక్కున్నానన్నాడు. సీటు పోతుందని తొందరపెట్టి నా చేత నలభై రెండు వేల ఐదు వందలు కట్టించాడు.

కాలేజీ చూద్దామని అమ్మాయితో వెళ్లాను. భుజాన వయొలిన్ పెట్టె తగిలించుకొచ్చింది. సాధన చేసే గదులెక్కడని అడిగితే, ఆఫీసులో ఉన్నావిడ ఆ పెట్టెవంక జాలిగా చూసింది.

"మాది సంగీతంతో పాటు డిగ్రీ కాదండీ. సంగీతంతో డిగ్రీ. పట్టా ఒకటే, లెక్కల్లో. సంగీతం అందులో ఒక పేపరు. వాయించేది ఉండదు, రాసేదే."

మాకు కావలసిన 'పాటు' అనే ముక్కనే మా బావమరిది మింగేశాడన్నమాట. కట్టింది తిరిగి రాదని కూడా ఆవిడ మర్యాదగానే చెప్పింది.

మెట్లు దిగుతూ అమ్మాయి నా మొహం చూసింది.

"పర్వాలేదు నాన్నా. వయొలిన్ ఆదివారాలు వాయించుకుంటాలే."

ఆ 'లే' నాకు బాగా తెలుసు. బడి మానేసిన రోజు, రాత్రిపూట చదువుకుంటాలే అని మా నాన్నకు నేనూ చెప్పాను. ఆయన నమ్మాడో, నమ్మినట్టు ఉండిపోయాడో. మళ్లీ పుస్తకం పట్టింది లేదు.

ఊరవతల కాలేజీకి గడువు ఆ సాయంత్రమే. బస్సెక్కాం. అక్కడి గుమాస్తాను, "పాటు ఉందా అండీ?" అని రెండుసార్లు అడిగాను. ఆయన తెల్లమొహం వేశాడు. అమ్మాయి నవ్వాపుకోలేక పక్కకు తిరిగింది.

"రెండు పట్టాలూ ఉన్నాయి నాన్నా. నేనడిగాను."

లోపలికి పిలిచి వాయించమన్నారు. నేను బయటే నిలబడ్డాను. తలుపు కీలు వదులై సరిగ్గా మూసుకోవడం లేదు. ఇంకోచోటైతే తిట్టుకునేవాణ్ణి. ఆ సందులోంచే మొత్తం విన్నాను. సీటు ఇచ్చారు.

ఇంటికొచ్చేసరికి అన్నీతెలుసు నా కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. సంగతంతా విని, "రెండూ ఒకటే కదా బావా" అన్నాడు.

ఒకటి కాదు. ఆ రెంటికీ తేడా నలభై రెండు వేల ఐదు వందలు.