రెండో బ్లాకు

సొరుగులో నా నంబరు మీద ఒక్క బ్లాకే ఉండాలి. రెండున్నాయి.

ఈ ఆసుపత్రి ల్యాబులో ఇరవై రెండేళ్లుగా నా పని ఒకటే. ఆపరేషన్‌లో తీసిన కండ ముక్కను ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనంలో పోతపోస్తాను. ఆ మైనపు బ్లాకును వెంట్రుకకన్నా పల్చగా కోసి, గాజు స్లైడు మీద పరిచి, రంగు వేసి డాక్టర్ల ముందు పెడతాను. ఎందరి రొమ్ము గడ్డలు అలా నా కత్తి కింద నుంచి పోయాయో లెక్కలేదు. నా గడ్డ నా చేతికే తగిలినప్పుడు మాత్రం మూడు వారాలు నోరు మెదపలేదు. అంత తెలివైనదాన్ని.

ఆ తర్వాత అందరికీ జరిగేదే నాకూ జరిగింది. ఆపరేషన్, కీమో, బోడిగుండు. ఏడాది బాగానే గడిచింది. మళ్లీ చంకలో గడ్డలు తేలాయి, ఈసారి కీమోకి లొంగలేదు. అప్పుడు కేన్సర్ డాక్టరమ్మ కొత్త వైద్యం సంగతి చెప్పింది.

"మీ గడ్డలోకి మీ ఒంటి రక్షణ కణాలే కొన్ని దూరి ఉంటాయి. వాటిని బతికుండగా బయటికి తీసి, కోట్లలో పెంచి, మళ్లీ మీకే ఎక్కిస్తాం. అచ్చంగా మీకోసమే తయారయ్యే మందు, ఇంకొకరికి పనికిరాదు. ఇమ్యూనోథెరపీలో ఇదొక రకం. ఇంకా ప్రయోగాల్లోనే ఉంది, గ్యారంటీ ఇవ్వలేను."

"కణాలు పెరగకపోతే?"

"పెరగకపోతే మీ పేరు తీసేస్తారు. రెండో ప్రయత్నం ఉండదు."

చంకలో గడ్డ తీశాక అందులో ఒక ముక్క మామూలుగా ఫార్మలిన్ సీసాలోకి పోవాలి, అది 'ఏ'. రెండోది గులాబీ రంగు ద్రవం ఉన్న సీసాలోకి పోవాలి, అది 'బి'. గులాబీ నీళ్లలో కణాలు బతికి ఉంటాయి. ఫార్మలిన్ తగిలితే అక్కడికక్కడే చస్తాయి. ఆ సీసాల్ని ఆపరేషన్ గది నుంచి తెచ్చే పని నా మరదలిది.

మరదలంటే నా తమ్ముడి భార్య. తొమ్మిదేళ్ల కిందట నేనే ఆమెను ల్యాబులో పెట్టించాను, చెయ్యి పట్టుకుని పని నేర్పాను. ఆమె పని చూసి అందరూ మెరుపు అని పిలుస్తారు. మొదటి రోజే రెండు మాటలు చెప్పాను. "ముక్క చేతికి రాగానే ఆలోచించకు. ముందు ఫార్మలిన్‌లో వెయ్యి, తర్వాత ఊపిరి పీల్చుకో." రెండోది, "ఎంత చిన్న ముక్కైనా సరే, చచ్చినా పారెయ్యకు. దాని వెనక ఒక మనిషి ఉంటుంది."

నన్ను లోపలికి తీసుకెళ్లేముందు నా చెయ్యి పట్టుకుంది. "మీ సీసా ఇంకొకళ్ల చేతికివ్వను వదినా. నేనే తీసుకెళ్తా." నేను నిశ్చింతగా కళ్లు మూసుకున్నాను.

అయిదు వారాలయ్యాక డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి, కణాలు పెరగలేదని చెప్పింది. కొందరిలో ఇంతేనంది. నా ఒంటి మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. ఇన్నేళ్లు తిండి పెట్టి సాకితే, అవసరానికి ఒక్కటీ లేచి నిలబడలేదు. పిరికి సన్నాసుల్లారా అని అద్దం ముందు నిలబడి నా కణాల్నే తిట్టేదాన్ని. తమ్ముడు రోజూ సాయంత్రం పళ్లు పట్టుకుని వచ్చేవాడు. పక్కన కూర్చుని ముక్కలు కోసి ఇస్తూ, "ఏం చేస్తాం అక్కా, నీ ఒంట్లో సత్తువ లేదు" అనేవాడు. నిజమేరా అని ఆ ముక్కలు తినేదాన్ని.

రెండు నెలలు గడిచాయి. ఇంకేదో మాత్రకు పనికొస్తానేమో పరీక్షించాలి, పాత బ్లాకు నుంచి రెండు పొరలు కోసి పంపమని డాక్టరమ్మ చీటీ రాసింది. అప్పటికి పూటపని మీద ల్యాబుకు వెళ్తున్నాను. నా బ్లాకు నేనే కోసుకుందామని సొరుగు లాగాను.

'ఏ' ఉంది. దాని పక్కనే 'బి' కూడా ఉంది.

బతికి ఉండాల్సిన ముక్క మైనంలోకి ఎలా వచ్చింది? లేబుల్ మీద ఏడు అంకెకు తోక తగిలించి ఉంది. ల్యాబులో అలా రాసేది ఒక్కరే. వెళ్లి మిషను ముందు కూర్చుని ఆ బ్లాకును కోశాను. నీళ్ల మీద తేల్చి, స్లైడు మీదకు ఎక్కించి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను.

'ఏ' ముక్క గడ్డ అంచుది. అందులో రక్షణ కణాలు అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తాయి. 'బి' నడి గడ్డది. అందులో ఆ కణాలే నీలం చుక్కలుగా ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి, బియ్యం డబ్బా ఒంపినట్టు. కేన్సర్ కణాల గుంపుల్ని చుట్టుముట్టి, లోపలికి తోసుకుంటూ వెళ్లి, వెళ్లినవి వెళ్లినట్టే ఫార్మలిన్‌లో చచ్చిపోయాయి. రెండు నెలలుగా నేను తిట్టినవి వీటినే. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి భోరున ఏడ్చాను.

మెరుపు సింకు దగ్గర స్లైడ్లు కడుగుతోంది. ఆ బ్లాకు ఆమె ముందు పెట్టాను. పంపు కట్టెయ్యడం కూడా మర్చిపోయింది.

"చెయ్యి అలవాటు మీద పోయింది వదినా. రెండు ముక్కలూ ఫార్మలిన్‌లో పడ్డాయి. చూసుకునేసరికి..."

"ఆ తర్వాత?"

"కొంచెం కోసి, నీళ్లలో కడిగి, గులాబీ సీసాలో వేసి పంపేశాను. ఉద్యోగం పోతుందని భయమేసింది."

"చచ్చిన ముక్క పంపావా? అది పెరగదని నీకు తెలుసు కదే!"

తల ఊపింది.

"మరి మిగిలింది పారెయ్యకుండా బ్లాకెందుకు చేశావు?"

"పారెయ్యకూడదని మీరే కదా చెప్పారు" అంది ఏడుస్తూ.

చెయ్యి తప్పడం నాకు అర్థమైంది. ఆ అలవాటు నేర్పిందాన్ని నేనే. ఆ క్షణంలో పరుగెత్తుకొచ్చి చెప్పి ఉంటే వాళ్లు ఇంకో ముక్క కోసేవాళ్లు, నా చంక ఇంకా కుట్టలేదు, కుట్టనే లేదు! ఈ మాటలు గట్టిగానే అరిచినట్టున్నాను, ల్యాబంతా నావైపు తిరిగింది.

"తమ్ముడికి తెలుసా?"

"ఆ రోజు సాయంత్రమే చెప్పాను. ఆయనే వద్దన్నారు. ఎటూ పెరుగుతాయన్న నమ్మకం లేదుగా, అక్క మనసు ఎందుకు కష్టపెట్టాలన్నారు."

ఆమె దాచింది భయంతో. వీడు నా మంచం పక్కన కూర్చుని పళ్లు కోసిపెడుతూ నా ఒంటి మీద నింద వేశాడు. నేను నన్ను తిట్టుకుంటుంటే వింటూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం కూడా పళ్లతోనే వచ్చాడు. సంచి గుమ్మంలోనే దించి, "మాట బయటికి రానివ్వకు అక్కా. దాని ఉద్యోగం పోతుంది, పైగా కేసు కూడా అవుతుంది. మా సంసారం రోడ్డున పడుతుంది" అన్నాడు.

"చెప్పకపోతే నాకు రెండో ప్రయత్నం ఉండదురా."

"ఉన్నా పనిచేస్తుందని ఏముంది?"

ఈ మాట అన్నది నేను ఎత్తుకుని పెంచినవాడు. సంచి వాడి చేతికే ఇచ్చి తలుపు వేసుకున్నాను.

పొద్దున్నే డాక్టరమ్మ మైక్రోస్కోపు కింద బి స్లైడు పెట్టాను. ఆమె చాలాసేపు చూసి తల ఎత్తింది.

"ఎవరిదమ్మా ఇది? ఇలాంటిది దొరికితే కణాలు పెంచేవాళ్లు ఎగిరి గంతేస్తారు."

"నాదే" అన్నాను. మిగతాదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

చచ్చిన ముక్క పంపింది ప్రయత్నం కిందకు రాదని పదిరోజుల తర్వాత ప్రయోగం నడిపేవాళ్లు ఒప్పుకున్నారు. విచారణ తేలేదాకా మెరుపును ఇంట్లో కూర్చోమన్నారు. మెడ పక్కన కొత్తగా తేలిన గడ్డను తీస్తామన్నారు. కణాలు ఈసారి పెరుగుతాయో లేదో డాక్టరమ్మకూ తెలియదు, నాకూ తెలియదు. సీసా నేనే పట్టుకెళ్తానని మాత్రం పట్టుబట్టాను. మత్తు మెడకే కదా, చేతులకు కాదు కదా అని పోట్లాడితే డాక్టరమ్మ నవ్వి ఒప్పుకుంది.

మెడకు కట్టుతో చక్రాల కుర్చీలో బయటికొచ్చాను, వెనక నర్సు తోస్తోంది. సీసా రెండు చేతుల మధ్య ఉంది. గులాబీ నీళ్లలో చిక్కుడు గింజంత ముక్క కదులుతోంది. వరండా చివర తమ్ముడు నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. కుర్చీ పక్కనే నడుస్తూ వచ్చాడు.

"చేతులు వణుకుతున్నాయి అక్కా. ఇలా ఇవ్వు, నేను పట్టుకుంటా."

నిజంగానే వణుకుతున్నాయి. పుట్టిన దగ్గర్నుంచి వాడు చెయ్యి చాపితే నేను లేదన్నది లేదు. సీసాను గుండెలకు దగ్గరగా లాక్కుని, త్వరగా తోయమని నర్సుకు చెప్పాను.