మోకరిల్లని దొంగ

దల్సు చాప పరిచి, వచ్చిన దగ్గును మింగేశాడు. జొంజు ఊరి సంతలో పొగాకు అంగడి అరుగే అతని చోటు. జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ అక్కడే కూర్చుని జనానికి దొంగల కథలు చదివి వినిపిస్తున్నాడు. లోతుకుపోయిన బుగ్గలు, పొగచూరిన తెల్లకోటు, కాయలు కాచిన మోకాళ్ళు. తల్లి సర్కారు కచేరీలో బానిస. నడక కన్నా ముందు మోకరిల్లడం నేర్చినవాడు.

కచేరీ బంట్రోతు చో పొద్దున్నే వచ్చాడు.

"ముసలాయనా, ఇవాళ నీ దొంగ రాజుగారి ముందు మోకరిల్లాలి. దొరగారి హుకుం. లేదంటే నీ వీపు చిట్లుద్ది. చైనా కథల్లో దొంగలు బుద్ధిగా లొంగిపోవట్లా? నీవాడికేం రోగం?"

"లొంగినోళ్ళ చేత తోటి దొంగల్నే చంపించారు గదా బాబూ. అదీ చదవమంటావా?"

చో ఉమ్మేసి వెళ్ళాడు. అంగడి యజమాని, విధవరాలు బుందొక్, పొగాకు కోస్తూనే అంది.

"మోకరిల్లించెయ్యి అన్నా. కాగితం మీది మోకాళ్ళే గదా, నొప్పెడతాయా?"

"వినేవాళ్ళకి నొప్పెడతాయి చెల్లెమ్మా."

మధ్యాహ్నానికి జనం నిండారు. ధాన్యం కొట్టు తలుపులు పగలగొట్టేవాడు వాళ్ళకి కథలో తప్ప ఎక్కడా దొరకలేదు. అందుకే వస్తారు. కథలో దొంగను గొలుసులతో రాజు ముందు నిలబెట్టారు. "మోకరిల్లు" అన్నాడు మంత్రి.

దల్సు అక్కడ ఆపాడు. గోడకు ఆనుకుని కళ్ళు మూశాడు. సంత ఆచారమే అది. కథ పీకల మీదికొచ్చినప్పుడు చదివేవాడు నోరు కట్టేస్తాడు. డబ్బులు పడితేనే తెరుస్తాడు.

డబ్బులు పడ్డాయి. నోరు తెరవలేదు.

"ముసలోడికి ఇవాళ ఆశెక్కువైంది" అని నవ్వి కమ్మరివాడు ఇంకో నాణెం విసిరాడు.

చో ముందుకు తోసుకొచ్చాడు. "ఊఁ, మోకరిల్లాడని చదువు."

కట్టెలమ్మేవాడు ఉండబట్టలేక అన్నాడు. "వాడు మోకరిల్లడు."

"గొలుసులు తెంపుతాడు" అంది చేపలావిడ.

"రాజుని కూడా ఓ తన్ను తన్నమను."

ఎవరి ముగింపు వాళ్ళు చెప్పేస్తున్నారు. ఒక్కరి కథలోనూ దొంగ వంగలేదు. ఎవరిని కొట్టాలో తెలియక చో కొరడా పట్టుకుని నిలబడిపోయాడు.

బుందొక్ వచ్చి దల్సు భుజం తట్టింది. అతని తల పక్కకు వాలింది.

"అన్న పోయాడు" అంది.

కట్టెలవాడు మోపు దించి, ఆ బరువు స్థానంలో అతన్ని వీపుకెత్తుకున్నాడు. జనం వెంట నడిచారు. చాప మీద, నాణేల మధ్య, డబ్బుల్లేనివాళ్ళెవరో వేసిన చిలగడదుంప ఇంకా ఆవిరి కక్కుతోంది.