పుష్పకి చప్పట్లు

తాయారు టీచర్ ఇరవై రెండేళ్ళుగా మూడో తరగతికి పాఠం చెబుతోంది. ఈ ఇరవై రెండేళ్ళలో ఆమె చూడని శిక్షణ లేదు. ఆటపాటలతో చదువన్నారు, బొమ్మలతో చదువన్నారు, ట్యాబులన్నారు. ఒక్కో ముచ్చటా రెండేళ్ళు నడిచి, ఆనక స్టోర్ రూములో అట్టపెట్టెల పాలై బొద్దింకలకి కాపురమైంది. అందుకే జూన్‌లో బడి తెరిచే ముందు, తిట్టకుండా కొట్టకుండా పిల్లల్ని మెచ్చుకుంటూనే దారిలో పెట్టడం ఎలాగో నేర్పిస్తాం రమ్మంటే, ఆమె చేతిసంచిలో చిక్కుడుకాయలు వేసుకుని మరీ వెళ్ళింది. వెనక వరసలో కూర్చుంటే ఈనెలు తీసుకోవచ్చు కదా అని.

నేర్పించడానికి వచ్చిన రోహిత్‌కి పాతికేళ్ళుంటాయి. పిక్కలకి అతుక్కుపోయిన ప్యాంటు, మెడలో కార్డు, చేతిలో రిమోటు. నలభై రెండుమంది పిల్లల ముందు ఒక్క పూటైనా నిలబడిన మొహం కాదది.

"మేడమ్, ఒక తప్పు ఎత్తిచూపే ముందు నాలుగు మంచి మాటలు చెప్పండి. ఏ పనికి మన దగ్గర గుర్తింపు దొరికితే పిల్లలు ఆ పనే మళ్ళీ మళ్ళీ చేస్తారు. ఊరికే గుడ్ అంటే చాలదు. ఏం చేశారో చూడాలి, ఆ పని పేరు పెట్టి చెప్పాలి" అన్నాడు.

"నేను పుట్టి బుద్ధెరిగాక మా అమ్మ నన్ను ఒక్కసారి మెచ్చుకున్న పాపాన పోలేదు. నేనేం పాడైపోయాను?" అంది తాయారు, పక్కనున్న మధులతతో. రెండో తరగతికి చెప్పే మధులత ఉద్యోగంలో చేరి మూడేళ్ళే అయింది. అతను చెప్పిందల్లా నోటుబుక్కులో రాసుకుంటోంది. "రాసుకో తల్లీ, రాసుకో. కొత్తలో నేనూ రాసుకున్నాను" అని చిక్కుడు ఈనె లాగింది తాయారు.

ఆ రాత్రి కూర్మన్నపాలెంలో ఇంటికొచ్చాక ఈ ముచ్చటంతా భర్తకి చెప్పి నవ్వింది. స్టీలు ప్లాంటులో పనిచేసే కొండలరావు అన్నం కలుపుకుంటూ, "పోనీ, ఓసారి చేసి చూడకూడదా?" అన్నాడు.

"సముద్రం ఒడ్డు పిల్లలండీ వాళ్ళు. బెత్తం చూపిస్తేనే కదలరు. చప్పట్లకి కదులుతారా?"

తాయారుది రాజోలు వైపు. పెళ్ళై ఇక్కడికొచ్చి పాతికేళ్ళు దాటినా ఈ ఊరి మాట ఆమె చెవికి ఇంకా గరుకే. రోజూ రెండు బస్సులు మారి చేపల రేవు పక్కనున్న బడికి వెళ్ళేది, ముక్కు దగ్గర రుమాలు పెట్టుకుని వెనక్కి వచ్చేది.

బడి తెరవగానే హెడ్మాస్టర్ అచ్యుతరామయ్య ప్రతి క్లాసు గోడకీ ఒక నక్షత్రాల చార్టు అంటింపించాడు. "చేసినట్టు కనబడాలి మేడమ్. శిక్షణవాళ్ళు మధ్యమధ్యలో వచ్చి చూస్తారట" అన్నాడు. కనబడాలి, అంతేగా! అలాగే కనబరుస్తానని తాయారు లోలోపల నవ్వుకుంది.

మూడో తరగతిలో పుష్ప అని ఎనిమిదేళ్ళ పిల్ల ఉంది. తల్లి పోతమ్మ రేవు గేటు దగ్గర చేపలమ్ముతుంది. పుష్ప ఒకచోట కూర్చోదు. పాఠం మధ్యలో లేచి వరసల మధ్యన తిరుగుతుంది, తలుపు దాకా వెళ్ళి వస్తుంది, ఎక్కడికే అంటే బదులు చెప్పదు. జూలైలో ఒకరోజు ఆ పిల్ల ఎందుకో కాసేపు కుదురుగా కూర్చుంది. తాయారుకి శిక్షణ గుర్తొచ్చింది. గొంతులో తేనె పోసుకుని, "పిల్లలూ, చూశారా! పుష్ప గారు ఇవాళ పది నిమిషాలు కొలువు తీరినట్టు కూర్చున్నారు. మహారాణి గారికి చప్పట్లు కొట్టండి!" అంది.

క్లాసంతా పగలబడి నవ్వుతూ చప్పట్లు కొట్టింది. తాయారు కూడా నవ్వింది. పుష్పకి మొదట అర్థం కాలేదు. తనూ నవ్వబోయింది. అందరి మొహాలూ చూశాక పెదాలు మూసుకుంది. తాయారు నక్షత్రం ఒకటి ఒలిచి చార్టులో ఆ పిల్ల పేరు పక్కన అంటించింది. అటు రోహిత్ మాటా చెల్లింది, ఇటు తన కసీ తీరింది.

అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాడు పుష్ప పెన్సిల్ తెచ్చుకుంటే చప్పట్లు. ముక్కు తుడుచుకుంటే చప్పట్లు, చార్టులో ఇంకో నక్షత్రం. ఒకసారి సన్నీ అనేవాడు, "టీచర్, పుష్ప గారు తుమ్మారు టీచర్!" అంటే తాయారు కళ్ళజోడు తీసి మరీ నవ్వింది. ఆ పూట నుంచి చప్పట్లకి ఆమె చెప్పనక్కర లేకపోయింది. సన్నీ మొదలుపెట్టేవాడు, మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు, అందరూ ఒక్కసారి ఆమె మొహంకేసి చూసేవాళ్ళు.

ఆగస్టు చివర్లో ఒక మధ్యాహ్నం తాయారు బోర్డు మీద ఎక్కం రాస్తూ ఏడెనిమిదులు యాభై నాలుగని వేసింది. వెంటనే తప్పు చూసుకుని చెరిపి యాభై ఆరు వేసింది. వెనక నుంచి ఒక చప్పట వినిపించింది. తర్వాత నలభై.

ఆమె గిరుక్కున తిరిగింది. పిల్లల మొహాల్లో భయం లేదు, పొగరూ లేదు. ఎంతో సంబరంగా, ఇప్పుడు నవ్వుతుంది చూడు అన్నట్టు ఆమెకేసే చూస్తున్నారు. ఈ పనికేగా ఇన్నాళ్ళూ ఆవిడ నవ్వింది! తాయారు డస్టర్‌తో బల్ల మీద ఒక్కటిచ్చింది. సన్నీ బిక్కచచ్చిపోయాడు. తను చేసిన తప్పేమిటో వాడికి నిజంగానే తెలియలేదు. పుష్ప ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. తల వంచుకుని గోరు కొరుక్కుంటోంది.

ఏ పనికి గుర్తింపు దొరికితే ఆ పనే చేస్తారని చెప్పిన ఆ బిగుతు ప్యాంటువాడి మాట అంత అక్షరాలా నిజమైనందుకు తాయారుకి ఒళ్ళు మండిపోయింది.

ఆ శనివారం పోతమ్మ వచ్చింది. నెత్తి మీది చేపల డేశాను క్లాసు గుమ్మంలో దించి, కొంగుతో చేతులు తుడుచుకుంది. పక్కన పుష్ప.

"టీచరమ్మా, మా పాపకి రోజూ సప్పట్లు కొడతన్నారంట గదా! పక్కింటి పిల్ల సెప్పింది. ఇదేమో నోరిప్పదు. మా ఇంట్లో సప్పట్లు కొట్టించుకున్నోల్లు ఎవులూ నేరమ్మా. అందుకే నాను తెచ్చినాను" అని డేశా మీద గుడ్డ తీసింది. అరటాకులో మూరెడు వంజరం చేప, కళ్ళు ఇంకా మెరుస్తున్నాయి. "ఇంతకీ ఏటి సేసిందమ్మా?"

తాయారు నోరు తెరిచింది. "బాగా... బాగా చదువుతోంది."

"సదువుతందా? మొన్న బస్సు మీద పేరు సదవమంటే సదవనేకపోనాది."

పుష్ప టీచర్‌కేసి కళ్ళెత్తి చూసింది. పుచ్చు చేపని తాజాదని అంటగట్టే మనిషిని రేవులో ఎలా చూస్తారో అలా చూసింది. ఎనిమిదేళ్ళ పిల్లకి అంత చూపుంటుందని తాయారు అనుకోలేదు. ఆ పిల్ల చేసిన మంచిపని ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి చెబుదామని వెతుక్కుంది. మూడు నెలలుగా కళ్ళెదుట తిరిగిన పిల్ల. ఏమీ దొరకలేదు. ఎన్నడూ చూస్తేగా!

"ఏం చేయలేదు పోతమ్మా" అంది చివరికి. "ఎగతాళికి కొట్టించాను. నేనే."

పోతమ్మ నెమ్మదిగా వంజరాన్ని అరటాకులో చుట్టింది.

"తిట్టుంటే తిట్టినావని ఒగ్గేద్దును. నాను తిట్టనా? కొట్టనా? పొగిడినట్టు పొగిడి నవ్వడమేటమ్మా? సదువుకుంటే ఇదేనేటి వొచ్చేది?" డేశా నెత్తికెత్తుకుంది. "ఈ సేప నా కూతురు తింటాది."

కూతురి చెయ్యి పట్టుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

సోమవారం తాయారు చప్పట్లు మానిపించింది. తప్పు తనదేనని పిల్లలందరి ముందూ చెప్పింది. వాళ్ళకి అది వింతగా ఉంది. సన్నీ మాత్రం, "నవ్వినావు గదా టీచర్" అన్నాడు. పుష్ప ఆరోజు కదలకుండా కూర్చుంది. మర్నాడూ కూర్చుంది. ఆ వారమంతా, ఆ నెలంతా, గోడకి కొట్టిన మేకులా కూర్చుంది. ప్రశ్న అడిగితే బెంచీకేసి చూసింది.

దసరా సెలవులయ్యాక రోహిత్ వచ్చాడు. చార్టు ముందు నిలబడి పుష్ప పేరు పక్కన నక్షత్రాలు చూసి మురిసిపోయాడు. "అసలు కూర్చునేదే కాదట కదా మేడమ్. ఇప్పుడు చూడండి!" అని ఫోను తీశాడు.

"ఆ నక్షత్రాలు ఎగతాళివి బాబూ. ఆ పిల్ల సిగ్గుతో చచ్చి కూర్చుంది. అది కూడా రాసుకో."

రోహిత్ ఒక్క క్షణం తికమకపడి, "ఏదైతేనేం మేడమ్, రిజల్ట్ వచ్చింది కదా" అని ఫొటో తీసుకుని నాలుగో తరగతికి వెళ్ళిపోయాడు. మంచి మాటని తెచ్చి ఇలాంటి డొల్లమనిషి నోట్లో పెట్టిన వాళ్ళని తాయారు తిట్టుకుంది. ఆ డొల్లమనిషికి తెలిసినంత కూడా తెలియని తనని ఇంకో నాలుగు ఎక్కువ తిట్టుకుంది.

మధ్యాహ్నం తన అన్నం డబ్బా పట్టుకుని మధులత పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళలో అదే మొదటిసారి.

"పుష్ప నిరుడు నీ క్లాసే కదా. ఏం చేసేదానివి?"

"ఏం చేయలేదండీ. తిరగనిచ్చేదాన్ని. ఎక్కడికి వెళ్తోందో చూసేదాన్ని."

"ఇప్పుడు ఎక్కడికీ వెళ్ళట్లేదు."

మధులత చేతిలో ముద్దని తిరిగి డబ్బాలో పెట్టేసింది.

నవంబరులో ఒక ఉదయం లెక్కలు చేయిస్తుండగా బయట ఓడ కూత పెట్టింది. పుష్ప లేచింది. తాయారు చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. పిల్ల వరసల మధ్య నుంచి నడిచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. సన్నీ చేతులెత్తబోయి, టీచర్ మొహం చూసి దించేశాడు.

తాయారు వెళ్ళి ఆ పిల్ల పక్కన నిలబడింది. రేవులోకి వచ్చే కాలవలో ఎర్రటి పెద్ద ఓడ ఉంది. దాన్ని లాగుతూ నెడుతూ ముందొకటి, వెనకొకటి చిన్న పడవలు.

"ఏం చూస్తున్నావ్?"

"ఎడం పక్కకి తిరుగుతాది" అంది పుష్ప, ఓడకేసే చూస్తూ.

ఓడ కదిలినట్టే లేదు. ఆ తర్వాత, నిమిషానికో ఏమో, దాని ముక్కు నెమ్మదిగా ఎడమకి తిరిగింది.

"తిరగకముందే చెప్పావే! ఎలా తెలిసింది?" అంది తాయారు. ఈసారి గొంతులో తేనె లేదు. నిజంగానే ఆమెకి తెలియదు.

పుష్ప తల తిప్పి ఆమెని కింద నుంచి పైదాకా చూసింది.

"ఎనకాల పడవ దాని తోకని కుడేపు తోత్తంది గదా. అది కూడా తెల్దేటి నీకు?"

"తెలీదు" అంది తాయారు.

పుష్ప ఇంత మొద్దు మనిషికి ఎక్కడ నుంచి మొదలుపెట్టాలా అన్నట్టు నిట్టూర్చింది. తర్వాత కిటికీ ఊచల్లోంచి వేలు బయటికి పెట్టి, ముందున్న పడవ ఏం చేస్తుందో, తాడు ఎప్పుడు వదులుతుందో చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టింది. బోర్డు మీద లెక్క సగంలో ఉంది. తాయారు నోరెత్తకుండా వింది.