మిలిటరీ కటింగ్

మూడు పాయలు విడదీసి, నడిమి పాయను బొటనవేలితో నొక్కిపట్టి, నాన్న జడ అల్లుతున్నాడు. కూతురికి ముప్పై దాటాయి. సిటీ బస్సులో కండక్టరు. అయినా రోజూ పొద్దున్నే ఈ స్టూలు మీద కూర్చోవలసిందే. తల్లి పోయినప్పుడు ఆమెకు ఆరేళ్లు. సైన్యంలో క్షౌరం చేసి వచ్చిన మనిషికి జుట్టు తీసెయ్యడమే తెలుసు గాని, అల్లడం తెలియదు. గోనెతాడు పురులు విప్పి, కిటికీ ఊచకు కట్టుకుని నేర్చుకున్నాడు. మొదట్లో ఆ జడలు ఎంత బిగువుగా ఉండేవంటే, కనుబొమలు పైకి లేచి పిల్ల బళ్లో ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టే కనిపించేది.

"ఇవాళైనా కాస్త వదులుగా అల్లు నాన్నా."

"వదులైతే సాయంత్రందాకా నిలవదు. కదలకు."

వీధి మొదట్లో ఒంటి కుర్చీ సెలూన్ అతనిది. అందరూ 'మిలిటరీ' అనే పిలిచేవారు. ఏ సినిమా హీరో బొమ్మ చూపించినా చివరికి తేలేది ఒకటే కటింగ్. "అడగడం మన వంతు, గొరిగెయ్యడం ఆయన వంతు" అని పక్కకొట్టు దర్జీ నవ్వేవాడు. యుద్ధంలో ఏం చేశావని చిన్నప్పుడు కూతురు అడిగితే, "గడ్డాలు గీశాను" అన్నాడు. ఆ మాట బళ్లో చెప్పి ఆమె నవ్వులపాలైంది. మళ్లీ అడగలేదు.

ఆమెకు ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ. పోతూ పోతూ అన్నం డబ్బా ఇద్దామని వెళితే సెలూన్ తలుపు వేసి ఉంది. దర్జీ తండ్రి కన్నుమూశాడనీ, మిలిటరీ అక్కడే ఉన్నాడనీ ఎవరో చెప్పారు.

దర్జీ ఇంటి వెనకగదిలో ముసలాయన మంచం మీద ఉన్నాడు. చాలాకాలం జబ్బుతో తీసుకున్న మనిషి. బుగ్గలు పీక్కుపోయి, గడ్డం మాసి ఉంది. నాన్న అతని మెడ కింద తెల్లగుడ్డ పరిచి, గోరువెచ్చని నీళ్లతో బుగ్గ తడిపి, వేళ్లతో చర్మం సాగదీసి, కత్తి ఆనించాడు.

"కొంచెం ఇటు తిరగండి పెద్దాయనా. ఆ, అంతే. అయిపోవచ్చింది."

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. పోయినవాళ్లతో మాట్లాడడం ఎప్పటినుంచో అలవాటైన గొంతు అది.

పెరట్లో కుళాయి దగ్గర అతను చేతులు కడుక్కుంటుంటే అడిగింది.

"అక్కడా ఇలాగేనా నాన్నా?"

"ఆ. ఇళ్లకి పంపేముందు." నీళ్లు విదిలించుకున్నాడు. "కొందరికి గడ్డం కూడా సరిగ్గా రాలేదమ్మా. అయినా గీసేవాణ్ణి. వాళ్లమ్మ చూస్తుంది కదా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చిన్నపిల్లవి. పెద్దయ్యాక నువ్వడగలేదు."

ఈ పూటకి డ్యూటీ మానేస్తానంది.

"బస్సు నీకోసం ఆగుతుందా? పో."

"అయితే రాత్రికి అన్నీ చెప్పాలి."

"చెప్తాలే."

డబ్బా అందుకుని, వీపు నిటారుగా పెట్టుకుని సెలూన్ వైపు నడిచాడు. సందు మలుపు తిరిగేదాకా ఆమె చూస్తూనే ఉంది.

సాయంత్రం డిపోకి ఫోనొచ్చింది. తండ్రిని సాగనంపి వచ్చిన దర్జీ, మిలిటరీకి ఒక్క మాట చెప్పుకుందామని సెలూన్ తలుపు తోశాడట. అతను కుర్చీలో, తల వెనక్కి వాల్చి ఉన్నాడట.

"కునుకు తీస్తున్నాడనుకున్నానమ్మా" అన్నాడు దర్జీ, ఆమె రాగానే. "రెండుసార్లు పిలిచాను."

ఆమె తండ్రి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని కింద కూర్చుండిపోయింది. అన్నం డబ్బా కడిగి బోర్లించి ఉంది. కత్తి కూడా తుడిచి మూశాడు. పని ఏమీ మిగల్చలేదు అనుకుంది.

మొహం కడుక్కుందామని చాలాసేపటికి లేచి కొట్టు వెనక్కి వెళ్లింది. ముసలాయన మెడ కింద పరిచిన తెల్లగుడ్డ అక్కడ తీగ మీద ఉంది. నాన్నే ఉతికి, ముడతలు పోయేలా దులిపి ఆరేశాడు. అంచులు ఇంకా తడిగానే ఉన్నాయి.