తాత బీరువా

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని సామెత. టైలరక్క ఇంట్లో మాత్రం తొండ ముదిరి తాత అయింది. ఆమె తమ్ముడు బస్సు నడిపే రోజుల్లో ఎవరో చివరి సీటు కింద చెప్పుల పెట్టె మరిచి దిగిపోయారు. మూత తీస్తే లోపల చూపుడువేలంత తొండపిల్ల, మన కంచెల మీద తిరిగేది కాదు, ఏదో పరదేశపు రకం. డిపోలో ఎంతకాలం ఉంచినా దాని కోసం ఎవరూ రాలేదు. చివరికి ఇంటికి తెచ్చుకున్నాడు. అది మూరెడు పెరిగింది, దవడల కింద ముళ్ల గడ్డం వచ్చింది, కోపం వస్తే ఆ గడ్డాన్ని నల్లగా చేసి ఉబ్బించేది. "అచ్చం మన తాతే" అన్నాడు తమ్ముడు. ఆ పేరే ఖాయమైంది. "అది లోపలికొస్తే నేను బయటికి పోతా" అన్న అక్కే, కొన్నాళ్లకు ఆకుకూర గిల్లుతూ లేత ఆకులన్నీ తాతకని పక్కన పెట్టడం మొదలుపెట్టింది.

ఇదంతా తమ్ముడికి రెండు కాళ్లూ ఉన్నప్పటి మాట.

ఇప్పుడు కుడికాలు మోకాలి కింద నుంచి లేదు. ఎలా పోయిందో దాచాల్సిన పని లేదు, వీధిలో అందరికీ తెలుసు. పోయిన చలికాలం తమ్ముడి పాదాలు మరీ చల్లగా ఉన్నాయని అక్కే రబ్బరు సంచిలో వేడినీళ్లు నింపి దుప్పటి కింద పెట్టింది. చక్కెర జబ్బు అతని పాదాల్లో స్పర్శను ఎప్పుడో తినేసిందని ఆమెకు తెలియదు. అతనికీ సరిగా తెలియదు. హాయిగా ఉందంటూనే నిద్రపోయాడు. పొద్దున్నే దుప్పటి తీస్తే పాదం బొబ్బలెక్కి ఉంది. బొబ్బ పుండైంది, పుండు ఎముక దాకా పోయింది, డాక్టర్లు కాలు తీసేశారు.

తమ్ముడు ఆమెను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆమె ఏడ్చేది, ఎదురు తిరిగేది, ఎలాగో గట్టెక్కేది. అనకపోవడమే గుండెలో ముల్లై కూర్చుంది. అప్పటి నుంచి ఆమెకు వేడి వస్తువు ముట్టుకోవాలంటే భయం. ఇస్త్రీ పెట్టె అటక ఎక్కింది. కొత్త జాకెట్లు నలిగినవి నలిగినట్టే ఇస్తుంటే, కుట్టించుకున్న వాళ్లు గొణుక్కుంటూ పట్టుకెళ్తున్నారు. తమ్ముడికి టీ కూడా చల్లార్చే ఇస్తుంది.

"అక్కా, ఇది టీనా, గిన్నెలు కడిగిన నీళ్లా?" అని అతను నవ్వేవాడు. నవ్వేవాడే గానీ గ్లాసు ఖాళీ చేసేవాడు.

ఈ ఏడు చలి ముందే వచ్చింది. తమ్ముడి ఎడమ పాదానికీ చిన్న పుండు పడింది. వెంటనే ఆస్పత్రిలో చేరమన్నాడు డాక్టరు. ఇతను చేరడు. ఉడుం పట్టు పట్టాడు. తాత ఉండే గాజు తొట్టి మూల పగిలింది, పైగా తోక తిప్పుకోవడానికి కూడా చోటు చాలడం లేదు. తాతకు వెచ్చటి ఇల్లు అమరితే తప్ప తాను కదలనన్నాడు.

"మనకు పుట్టినట్టు వాడి ఒంట్లో వేడి పుట్టదక్కా. బయట వెచ్చగా ఉంటేనే తిన్నది అరుగుతుంది. చలిలో వదిలేస్తే ఆ మేత కడుపులోనే కుళ్లి చచ్చిపోతాడు."

"నీ పాదం కుళ్లిపోతే?"

"దాన్ని చూడ్డానికి డాక్టర్లున్నారు. తాతకి ఎవరున్నారు, నువ్వు తప్ప?"

ఆమె వాదన మానేసింది. తొందరగా పని అయితే తొందరగా ఆస్పత్రికి వెళ్తాడు, అంతే.

తమ్ముడి చెక్క బీరువా ఖాళీ చేశారు. అందులో వేలాడుతున్న బస్సు యూనిఫారాలు మడిచి అక్క చేతికిస్తూ "ఇక నాకెందుకులే" అన్నాడు అతను. ఆమె వాటిని తన మంచం కింద పెట్టెలో దాచింది. పక్క వీధి చెక్కపని మేస్త్రీ వచ్చి బీరువాను పక్కకు పడుకోబెట్టాడు. తలుపులు ఊడదీసి, పక్కకు జరిగే అద్దాలు బిగించాడు, గాలి ఆడటానికి పక్కల్లో కన్నాలు కొట్టాడు. కరెంటు పని మాత్రం మంచం మీద నుంచి తమ్ముడు చెప్పాలి, అక్క చెయ్యాలి.

"హోల్డరు పింగాణీదే పెట్టు, ప్లాస్టిక్‌ది కరుగుతుంది. బల్బు ఒక్క కొసనే. రెండో కొస చల్లగా ఉండాలి, వేడెక్కితే తాత అటు పోవాలి కదా. చుట్టూ ఇనుప జాలీ బిగించు, ఎగబాకి బల్బుని పట్టుకున్నాడంటే అంతే సంగతులు."

బీరువా బయట, వేడిని అదుపు చేసే ఒక చిన్న పెట్టెను అక్క బిగించింది. దాని నుంచి వచ్చిన సన్నటి వైరు కొసను, బల్బు కింద పెట్టిన నల్ల పలకరాయి దగ్గర అంటించింది. రాయి వేడి మించితే ఆ పెట్టె తనంతట తానే కరెంటు తగ్గిస్తుంది. అది చాలదని తమ్ముడు ఇంకో థర్మామీటరు కూడా తెప్పించాడు. దానికీ ఒక వైరు, అంకెలు కనిపించే చిన్న తెర ఉన్నాయి.

"ఇది కూడా ఎందుకు?"

"ఆ పెట్టె చెప్పేది నిజమో కాదో చూడ్డానికి. రాయి మీద నలభై డిగ్రీలు చూపించాలి."

"చెయ్యి పెట్టి చూస్తే తెలీదా?"

"చేతిని నమ్మకూడదక్కా" అన్నాడు. అని, మాట జారినట్టు కిటికీ వైపు చూశాడు.

ఆ మధ్యాహ్నం అతను కునుకు తీస్తుండగా అక్కకు ఒక ఆలోచన వచ్చింది. ఆమె టైలరు. లైనింగు లేని కోటు చూస్తే ఆమెకు ప్రాణం ఒప్పదు. ఈ బీరువా చెక్కలు కూడా అలాగే కనిపించాయి, బోసిగా, చలికి వణుకుతున్నట్టు. ఒక పాత ఉన్ని కోటు కుట్లు విప్పింది. లోపల దూది పెట్టి గళ్లు గళ్లుగా కుట్టి, బీరువా లోపలి కప్పుకూ గోడలకూ మేకులతో బిగించింది. ఎక్కడా ముడత లేదు. చాలా కాలానికి తన చేతిపని చూసి తనే ముచ్చటపడింది. తమ్ముడు లేచి చూసి మెచ్చుకుంటాడనుకుంది.

తాతను ఇంకా లోపల పెట్టలేదు. ముందు ఖాళీ బీరువాకే రోజంతా బల్బు వెలిగించి చూడాలని తమ్ముడి షరతు. ఆమె స్విచ్చి వేసి మిషను దగ్గరికి వెళ్లింది. రాయి మీద వేడి నలభై దగ్గరే నిలబడింది. కానీ వైరు కొస ఉన్నది రాయి దగ్గర. బల్బు నెత్తిన ఉన్న ఉన్నిగుడ్డ సంగతి దానికేం తెలుసు?

"అక్కా! మాడు వాసన! ప్లగ్గు పీకెయ్!"

ఆమె పరుగున వచ్చి గుమ్మంలో బిగుసుకుపోయింది. బీరువాలోంచి సన్నగా పొగ వస్తోంది. తమ్ముడు మంచం దిగబోయి, లేని కాలు మోపబోయి, కింద పడ్డాడు. ఆ చప్పుడుకు ఆమెకు స్పృహ వచ్చినట్టయి ప్లగ్గు లాగేసింది. లోపలి కప్పు మీద ఉన్ని కోటు పళ్లెమంత మేర గోధుమరంగుగా మాడి ఉంది.

తమ్ముణ్ణి లేపడానికి వంగింది గానీ లేపలేక అతని పక్కనే కూలబడింది.

"నా చేతులే ఇంతరా. వెచ్చగా ఉండాలని ఏది పెట్టినా కాల్చేస్తాయి. నీ కాలు తీసింది డాక్టరు కాదు, నేను."

ఇన్నాళ్లూ గొంతు దాటని మాట అది. తమ్ముడు జరిగి మంచం కోడుకు వీపు ఆనించుకున్నాడు.

"అవును, సంచి నువ్వే పెట్టావ్" అన్నాడు. ఆమె తలెత్తింది. "చలేస్తోందని అడిగింది నేను. కాలుతుంటే నాకే తెలీలేదు, నీకెలా తెలుస్తుంది? తాత కూడా అంతే. కింద రాయి పొట్ట మాడ్చేస్తున్నా హాయిగా కళ్లు మూసుకుని పడుకుంటాడు. అట్లాంటోళ్లకి వెచ్చదనం అసలు పెట్టొద్దని కాదక్కా. కొలిచి పెట్టాలి. అంతే."

"ఇప్పుడు చూడు, ఇల్లు తగలబెట్టేదాన్ని."

"ఖాళీ బీరువాకి ఎందుకు వెలిగించామనుకున్నావ్? ఇందుకే. కాలింది గుడ్డేగా, విప్పెయ్. లైనింగు మాత్రం బాగా కుట్టావులే, తాత పెళ్లికి పనికొస్తుంది."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. కుట్లన్నీ విప్పింది. బోసి చెక్కల మధ్య బల్బు మళ్లీ వెలిగింది. మర్నాడు చీకటి పడే దాకా ఇద్దరూ కాపలా కూర్చున్నారు. ఏదీ మాడలేదు, అంకె కదల్లేదు. ఆ మర్నాడు తాతను లోపల వదిలారు. కాసేపు గడ్డం నల్లగా చేసి అలిగి, తర్వాత రాయి ఎక్కి ఒక కన్ను మూశాడు తాత. ఆ సాయంత్రం టీ పొగలు కక్కుతూ వచ్చింది. "నాలుక కాలింది" అన్నాడు తమ్ముడు సంతోషంగా.

అతను ఆస్పత్రిలో చేరేసరికి పాదంలోని విషం రక్తంలోకి పాకింది. తొండ కోసం మనిషి ఆగాడా అని డాక్టరు విసుక్కున్నాడు. ఆ మాట అక్కకూ తగిలింది. ముందే బలవంతంగా అయినా లాక్కురావాల్సిందని తనను తానే తిట్టుకుంది. కుట్టుపని మానేసి ఇంటికీ ఆస్పత్రికీ తిరిగింది. తాతకు మేత వెయ్యడానికి ఆమె ఇంటికి వెళ్లినప్పుడల్లా తమ్ముడు ఫోన్ చేసేవాడు.

"ఎంత చూపిస్తోంది?"

"నలభై."

"అయితే సరే" అని పెట్టేసేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం అతను కళ్లు తెరవకుండానే "అక్కా, చలేస్తోంది" అన్నాడు. దుప్పటి మీద దుప్పటి కప్పినా వణుకు తగ్గలేదు. ఆమె చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత ఇంటికెళ్లి రబ్బరు సంచీ, బీరువాలోని థర్మామీటరూ తెచ్చింది. నర్సు అడ్డం వచ్చింది.

"కాళ్ల దగ్గర పెట్టకూడదమ్మా."

"నాకు తెలుసు తల్లీ" అంది టైలరక్క.

వేడినీళ్లలో చన్నీళ్లు కలిపి, వైరు కొస ముంచి, తెర మీద అంకె చూసింది. ఎక్కువగా ఉంటే ఇంకాస్త చన్నీళ్లు పోసింది. సంచి నింపి బిగించి, ఉన్ని కోటులో మాడకుండా మిగిలిన ముక్కతో కుట్టిన తొడుగు వేసింది. అతని గుండె మీద దుప్పటి పైన పెట్టి, అతని రెండు చేతులూ దాని మీద చేర్చింది. చేతుల్లో అతనికి ఇంకా స్పర్శ ఉంది.

"తాత థర్మామీటరు నాకు పెట్టావా?"

"ఆఁ."

"ఎంత?"

"నలభై."

"ఇంకొంచెం వేడి పెట్టక్కా."

"వద్దు నాన్నా. ఇంతే."

"అయితే సరే" అన్నాడు. వణుకు నెమ్మదిగా తగ్గింది. నిద్రపోయాడనుకుంది. నర్సు వచ్చి మణికట్టు పట్టుకుని చూసింది. పరుగున వెళ్లి డాక్టర్ని పిలుచుకొచ్చింది. ఇక లేడన్నారు. సంచి తియ్యబోతే అతని వేళ్లు వెచ్చగా తగిలాయి. "చూడండి, వెచ్చగానే ఉన్నాడు" అంది ఆమె. అది సంచి వేడేనని ఆమెకు తెలుసు. తెలిసినా ఆ చేతులు చల్లారే దాకా వదల్లేదు.

అతన్ని సాగనంపి ఇంటికొచ్చేసరికి వెనక గదిలో బల్బు వెలుగుతూనే ఉంది. మంచం ఖాళీగా ఉంది. తాత రాయి మీద బోర్లా పడుకుని ఒక కన్ను తెరిచి చూశాడు. ఆమె థర్మామీటరు వైరు కొస తుడిచి మళ్లీ రాయి దగ్గర అంటించింది. అంకె నిలబడే దాకా బీరువా ముందే కూర్చుంది. ఫోన్ మోగలేదు.

"నలభై" అని ఆమే పైకి చెప్పింది.