వదిన బటన్

నా భార్య ఎడమ చెంప మీది మచ్చని మా తమ్ముడు విజయ్ పాల్ తీసేశాడు. ఇందులో వాదించడానికేమీ లేదు. అడక్కుండా తీశాడు. తీసి, బంగారు రంగు ఫ్రేము కట్టించి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని మా ఇంటికి తెచ్చి, "ఎలా ఉందన్నయ్యా వదిన?" అన్నాడు.

ఫ్రేములో ఒకావిడ ఉంది. తెల్లగా ఉంది. చెంపలు సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి. కళ్ళ కింద నలుపు లేదు.

"ఎవరీవిడ?" అన్నాను.

వాడు నవ్వాడు. నేను సరదాకి అన్నాననుకున్నాడు. నేను సరదాకి ఏదీ అనను. వాడికది చిన్నప్పట్నుంచీ తెలుసు.

దేవకుమారి పోయి ఏడాది కావస్తోంది. ఆదివారం చర్చిలో ఆమె జ్ఞాపకార్థ కూడిక. ఆ ఫొటో ముందు బల్ల మీద పెడతారు. నాకు కావలసింది ఒక్కటే, ఆ బల్ల మీద ఉండేది నా భార్య ముఖం అయ్యుండాలి. ఫ్రేముని గోడకి తిప్పి పెట్టి, ఒరిజినల్ కావాలన్నాను. స్టూడియోకి రమ్మని వాడు వెళ్ళిపోయాడు.

ఆ స్టూడియో సంగతి చెప్పాలి. భీమవరంలో బస్టాండు వెనక ఉంది. బోర్డు మీద 'టచింగ్ స్పెషలిస్టు: విజయ్ పాల్' అని రాసి ఉంటుంది. టచింగ్ అంటే ఫొటోలో ముఖాలు సరిచెయ్యడం. విజయ్ పాల్ ఫొటోలు తీసేవాడు. కంప్యూటర్ ముందు కూర్చోవడం వాడి వల్ల కాలేదు. దేవకుమారి ఇంటర్ చదివింది. పెళ్ళికి ముందు కాన్వెంట్లో చిన్న పిల్లలకి చెప్పేది. పెళ్ళయ్యాక మా అమ్మ మాన్పించింది. మన ఇంటి కోడలు జీతానికి వెళ్ళదంది. తర్వాత విజయ్ పాల్ కంప్యూటర్ కొన్నప్పుడు అదే అమ్మ, ఊరికే కూర్చునే బదులు మరిదికి సాయం చెయ్యమంది. "కాస్త చూడు వదినా" అన్నాడు వాడు. ఆ కాస్త ఆమె పోయేదాకా సాగింది. జీతం లేదు. మన ఇంటి పనికి జీతమేంటి అన్నారు. బోర్డు మీద పేరు లేదు. నేను అప్పుడు ఐస్ ఫ్యాక్టరీలో ఉన్నాను. రొయ్యల సీజన్లో ఇంటికి వచ్చేసరికి అన్నం చల్లారిపోయి ఉండేది, అదేంటని అడిగేవాణ్ణి. చల్లారింది అన్నం ఒక్కటే కాదులెండి అనేది.

దేవకుమారి పనిలో ఉన్నప్పుడే మాట్లాడేది. చేప తోముతూ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ. నా వైపు చూడకుండా, ఎవరికో చెబుతున్నట్టు. నేను వినేవాణ్ణి. అందుకే ఇవి నా మాటలు కావు, ఆమెవి.

"మళ్ళీ ఆ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చిందండి. అలవాటైన బటన్లన్నీ ఎక్కడెక్కడికో మార్చేశాడు వాడెవడో. అత్తగారు లేనప్పుడు తోడికోడలు వచ్చి వంటింట్లో డబ్బాలన్నీ సర్దేసినట్టు. ఉప్పెక్కడుందో వెతుక్కోవాలి. వెతుక్కుంటూ కూర్చుంటే, కొత్తది వచ్చింది కదా వదినా, ఇంకా లేటేంటి అంటాడు విజయ్. ఇదివరకు ఒక్కో వెంట్రుక చుట్టూ నేను గీత గీసి వెనకున్న గోడ తీసేదాన్ని. ఇప్పుడు ఒక్క నొక్కుతో గోడ పోతోంది. మంచిదే. నా వేళ్ళు బతికాయనుకున్నా. కానీ ఇదివరకు పెళ్ళికి ఏరిన ఫొటోలే సరిచేసేదాన్ని, ఇప్పుడు తీసినవన్నీ సరిచెయ్యమంటున్నారు. ఒక్క నొక్కే కదా అంటారు. మా అమ్మకి మిక్సీ వచ్చినప్పుడూ ఇంతే. రోలు దగ్గర కూర్చునే బాధ తప్పిందన్నారు. తప్పిందా? రోజుకో పచ్చడి అడగటం మొదలెట్టారు. రోలు రోజుల్లోనే మా అమ్మకి సాయంత్రం కాసేపు వీధి అరుగు మీద కూర్చునే తీరిక ఉండేది. మిషను వచ్చిన ప్రతిసారీ మగవాడి కోరిక ఒకటి పెరుగుతుందండి. ఆడదాని తీరిక పెరగదు. ఆ మిషను చేసేవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పరు కాబోలు."

ఇంకోసారి అంది, మగవాళ్ళ ముఖాలు బాగుచెయ్యమని ఎవరూ అడగరని. వాళ్ళ ముఖం మీద గంటు ఉంటే ఉండనియ్యమంటారట, గంభీరంగా ఉంటుందట. ఆడవాళ్ళకైతే అన్నీ తియ్యాలి. నిద్ర లేకపోతే ఆ నలుపు తియ్యాలి. ఎండలో పని చేస్తే ఆ నలుపూ తియ్యాలి. "తీసుకుంటూ పోతే చివరికి మనిషి మిగలదండి. ఫొటో బాగా వచ్చిందంటారు," అంది.

ఒక రోజు మాత్రం చేప సగం తోమి ఆపేసింది. అది ఎవరిదో బారసాల ఆల్బమట. బిడ్డ తల్లి మణికట్టు చుట్టూ కమిలి ఉందట. ఎవరో గట్టిగా పట్టుకుని మెలిపెట్టినట్టు వేళ్ళ గుర్తులతో సహా. అత్తగారు వచ్చి కుర్చీ పక్కన నిలబడి, బావి దగ్గర జారిందమ్మా, చేతికి నిండుగా గాజులు పెట్టెయ్, కనపడదు అందట. కొత్త వెర్షన్లో గాజులు పెట్టడం తేలిక. నీడ కూడా అదే వేసుకుంటుంది.

"గాజులు వేసి వచ్చానండి," అంది దేవకుమారి. "ఆ పిల్లకి నేనే వేశాను."

మనకెందుకు అన్నాను. మీకెందుకులెండి అంది. చేప తోమడం పూర్తి చేసింది. ఆ పూట తను తినలేదు.

అప్పట్నుంచే తన మచ్చ జోలికి ఎవర్నీ రానివ్వలేదు.

ఆ మచ్చ విజయ్ పాల్ పెళ్ళికి పడింది. అరిసెలు వండుతుంటే మూకుడు ఒరిగి నూనె చెంప మీద చిందింది. చెవి దగ్గర్నుంచి దవడ దాకా. పెళ్ళి పనులు ఆగకూడదని కలబంద గుజ్జు రాసుకుని మిగతా అరిసెలూ ఆమే వండింది. ఫొటోల దగ్గర మా అమ్మ, "ఆ చెంప అటు తిప్పి నిలబడవే, శుభమా అని" అంది. ఆ తర్వాత అమ్మ ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఏ ఫొటో తీసినా ఆమెని ఎడమ పక్క చివర నిలబెట్టి, ముఖం లోపలికి తిప్పమనేవాళ్ళు. తర్వాత ఎప్పుడో విజయ్ పాల్, నీ మచ్చ నువ్వే తీసేసుకోవచ్చు కదా వదినా, చేతిలో పనేగా అన్నాడు. దేవకుమారి కుర్చీలోంచి లేవకుండా, తెర మీంచి చూపు తిప్పకుండా చెప్పింది.

"దాన్ని ముట్టుకోకు విజయ్. మీ ఇంట్లో నా పేరు మీద ఉన్నది అదొక్కటే."

ఇప్పుడు బటన్ సంగతి. ఆ సాఫ్ట్‌వేర్లో ఒక సదుపాయం ఉంది. మనిషి చేసే పనిని వరసగా రికార్డు చేసుకుంటుంది. ఎక్కడ ఎంత నునుపు, ఎక్కడ ఎంత వెలుగు, ఏది ముందు ఏది వెనక. ఆ వరసకి ఒక పేరు పెట్టి దాచుకుంటే, తర్వాత ఎవరు నొక్కినా అదే పని చేస్తుంది. దేవకుమారి చేసే పనిని విజయ్ పాల్ అలా రికార్డు చేయించాడు. దానికి 'వదిన' అని పేరు పెట్టాడు. ఆమె పోయాక సంతాపం చెప్పడానికి వచ్చిన వాళ్ళతో వాడన్న మాట నా చెవిన పడింది. "మనిషి లేని లోటు ఎటూ తీరదనుకోండి. పనికి మాత్రం లోటు రాలేదు. వదిన బటన్ ఉంది."

అప్పుడే అక్కడ లేచి వాడి కాలరు పట్టుకోవలసింది. శవం ఇంట్లో ఉందని ఊరుకున్నాను.

స్టూడియోకి వెళ్ళాను. దేవకుమారి కుర్చీలో వినీల కూర్చుని ఉంది. విజయ్ పాల్ కోడలు. డిగ్రీ చదివింది. పెళ్ళయి వచ్చిన కొత్తలో విజయ్ పాల్ ఆ అమ్మాయితోనూ, కాస్త పెద్దత్తయ్య దగ్గర కూర్చుని నేర్చుకోమ్మా అన్నాడు. మళ్ళీ కాస్త.

ఒరిజినల్ ఇమ్మన్నాను.

"ఇప్పుడు ఒరిజినల్ అంటే ఇదే అన్నయ్యా," అన్నాడు.

వివరంగా చెప్పమన్నాను. చెప్పాడు. గొప్పగానే చెప్పాడు. ఈ మధ్య వచ్చిన వెర్షన్ మనిషిని గుర్తుపడుతుందట. ఒక ముఖానికి ఒకసారి చేసిన సవరణని, కంప్యూటర్లో ఆ మనిషి ఎక్కడెక్కడ ఉంటే అక్కడల్లా అదే చేసేస్తుందట. తన కొడుకు పెళ్ళి ఫొటోల్లోంచి దేవకుమారిది ఒకటి తీసి వీడు వదిన బటన్ నొక్కాడు. నొక్కగానే ఆమె ఉన్న ఫొటోలన్నిటిలో మచ్చ పోయింది. పాతవి ఉంచుకోవాలా అని అది అడిగితే, చోటు దండగని, పాతవాటి మీదే సేవ్ అయ్యేట్టు వీడే పెట్టుకున్నాడు. కెమెరా కార్డులు ఎప్పుడో తుడిచేశారు, మచ్చ కనపడే ఫొటోలు ఆల్బముల్లోకి ఎక్కనే లేదు.

అంటే ఇది. మొదట్లో తీసిన ఫొటోల్లో మా అమ్మ తిప్పించింది కాబట్టి ఆ చెంప లేదు. తర్వాత తీసిన వాటిలో చెంప ఉంది, మచ్చ లేదు. ఆ మచ్చని తుడిచింది దేవకుమారి చేతి పనే. వదినని వదిన చేతనే తుడిపించాడు.

తిరిగి పెట్టమన్నాను.

"మచ్చ తీయించుకునేవాళ్ళని చూశాను గానీ పెట్టించుకునేవాణ్ణి నిన్నే చూస్తున్నా," అన్నాడు. అని, దానికీ కొత్త సదుపాయం ఉందని, కావలసింది రాస్తే అదే బొమ్మ వేస్తుందని, వినీలని పక్కకి జరిపి 'చెంప మీద కాలిన మచ్చ' అని రాశాడు. యంత్రం కాసేపు తిరిగి మూడు బొమ్మలు ఇచ్చింది. ఒకదాంట్లో కత్తి గాటు. అందులో మా ఆవిడ సంతలో రౌడీలా ఉంది. ఒకదాంట్లో చెంప మీద గులాబీ రంగు పువ్వు పూసినట్టుంది. మూడోదాంట్లో మచ్చ బాగానే ఉంది, ముక్కు మారిపోయింది.

"ఏదో ఒకటి ఎంచుకో అన్నయ్యా. జనానికేం తెలుస్తుంది?"

వాడి తల వెనక గోడ మీద పెళ్ళికూతుళ్ళ ఫొటోలు వరసగా ఉన్నాయి. అందరిదీ ఒకటే చర్మం.

"నేను గీస్తానండి," అంది వినీల.

విజయ్ పాల్ లేచాడు. ఆ అమ్మాయి కూర్చుని కీబోర్డు మీద ఏదో నొక్కి, చిన్న బ్రష్ తీసుకుని మొదలుపెట్టింది. చెవి తమ్మె దగ్గర సన్నగా. చెంప మధ్యకి వచ్చేసరికి వెడల్పుగా, అంచులు కొంచెం ముడుచుకుని. అక్కడ ఆగి కళ్ళు మూసుకుంది. తర్వాత దవడ కింద, మచ్చకి తగలకుండా విడిగా రెండు చుక్కలు పెట్టింది. నూనె చివరగా చిందిన రెండు చుక్కలు. అవి చూశాక నేను స్టూలు మీద కూర్చున్నాను.

"నీకెలా గుర్తుందమ్మా?" అన్నాను.

"పెద్దత్తయ్యగారికి ఎడం పక్కన కూర్చునే కదండీ నేర్చుకున్నాను. తెర కన్నా అదే ఎక్కువ చూశాను." తెర వైపు చూస్తూనే అంది. "నేనొకసారి ఇంటికెళ్ళి వంట చెయ్యాలని తొందరపడుతుంటే, నీకూ ఓ మచ్చ పడేదాకా ఆగకు వినీలా అన్నారు. అప్పుడు అర్థం కాలేదండి."

తర్వాత కళ్ళ కింద నలుపు పెట్టింది. చర్మానికి ఆమె రంగు తెచ్చింది. దేవకుమారి వచ్చింది. చేప తోముతూ తల ఎత్తినట్టు నా వైపు చూసింది.

విజయ్ పాల్ వంగి చూసి, భలే చేశావమ్మా అన్నాడు. కోడలి భుజం మీదుగా తెర మీదికి వేలు చూపించాడు. "చెయ్యి తిరిగింది నీకు. నువ్వు పని చేస్తున్నంతసేపూ రికార్డు పెట్టమన్నాను కదా, పెట్టావుగా? దీన్నే బటన్ చేసేద్దాం. కోడలు అని పేరు పెడదాం. రేపు నీకు పురుడొచ్చి పుట్టింటికెళ్ళినా ఇక్కడ పని ఆగదు."

"లేదండి మామయ్యగారూ. రికార్డు ఆపేశాకే మొదలెట్టాను," అంది వినీల.

"అదేంటమ్మా?"

ఆ అమ్మాయి మౌసు పట్టుకుంది. తెర పక్కన బటన్ల వరసలోకి వెళ్ళింది. అక్కడ 'వదిన' అని ఉంది. దాన్ని పట్టుకుని చెత్తబుట్ట బొమ్మ మీదికి లాగింది. నిజంగా తీసెయ్యాలా అని కంప్యూటర్ అడిగింది. అవునని నొక్కింది.

విజయ్ పాల్ కుర్చీ వీపు పట్టుకున్నాడు. తణుకు పెళ్ళి ఆల్బమ్ రేపు ఇవ్వాలి, ఇదేం పనమ్మా అని మొదలుపెట్టి చాలా అన్నాడు. ఈ ఇంటి పిల్లవే కదా అన్నాడు. నీ మొగుడితో మాట్లాడతానన్నాడు. ఆ అమ్మాయి అంతా విని బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"తణుకు పెళ్ళి చేత్తో చేస్తానండి. బోర్డు మీద పేరెవరిదో, నెలకి జీతమెంతో తేలాక చేస్తాను."

"చెప్పన్నయ్యా," అన్నాడు వాడు నా వైపు తిరిగి. "పెద్దవాడివి. నువ్వైనా చెప్పు."

"ఆ ప్రింటు తీసివ్వు," అన్నాను.

ఆదివారం బల్ల మీద ఆ ఫొటోనే పెట్టాను. ప్రార్థన అయ్యాక ఒకావిడ దగ్గరికొచ్చి, ఈ రోజుల్లో అన్నీ తీసేస్తున్నారు కదండీ, ఆ మచ్చ తీయించలేకపోయారా అని జాలిగా అంది. అది ఆమె పేరు మీద ఉన్నదండి అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు.

వినీల ఇప్పుడు రాజమండ్రిలో వేరే స్టూడియోలో చేస్తోంది. మొగుడు కూడా వెంట వెళ్ళాడు. విజయ్ పాల్ నాకు కబురు మీద కబురు పంపుతున్నాడు. ఒక మచ్చ కోసం అన్నదమ్ములు విడిపోతారా, మాట్లాడుకుందాం రమ్మని. ఫొటో మా ముందుగదిలో, వీధి గుమ్మానికి ఎదురుగా ఉంది. ఎడమ చెంప వెలుతురు వైపు ఉంటుంది. గుమ్మం దాటేవాడు ముందు దాన్నే చూడాలి. చూసి, లోపలికి వచ్చి, మంచినీళ్ళు తాగి వెళ్ళొచ్చు. ఈ విషయం మాత్రం నేను మాట్లాడను. ఇప్పుడూ మాట్లాడను, ఇక ముందూ మాట్లాడను.