కొండకు నచ్చిన పెరడు

రోజూ పనికి వెళ్లేముందు టైల్స్ మేస్త్రీ, అక్కని కుర్చీతో సహా పెరటి కిటికీ దగ్గరికి జరిపేవాడు. ఇంటి వెనక కొండమీద కూర్చుని, అడవికి నిప్పంటుకుంటే కేకేసే కాపలా ఉద్యోగం అక్కది. తుంటి విరిగాక అది పోయింది. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలదు కానీ, ఎక్కడికని వేస్తుంది? కంచంలో మెతుకులు కెలికి వదిలేసేది. మనిషి చిక్కిపోతుంటే తమ్ముడి ప్రాణం ఉసూరుమనేది.

ఆమె కళ్లకైనా హాయిగా ఉంటుందని పెరట్లో తోట మొదలుపెట్టాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? రసమట్టం పెట్టి మరీ వాలునేలని బాత్రూం గచ్చులా చదును చేశాడు. పచ్చిక పరిచి, గులాబీలు వరసగా నాటాడు. తెల్లారేసరికి కొండ అటు తిరిగి కూర్చుంది.

పక్కింటావిడ బట్టలు ఆరేస్తూ చూసి, "ఏం చేశావయ్యా, అలిగినట్టుందే?" అని ఇంకో చీర దులిపింది.

"దాని ముఖమన్నా కనపడేదిరా. అదీ లేకుండా చేశావు," అని అక్క ఏడ్చేసింది. మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది.

"ఏం చేయమంటావో చెప్పక్కా."

"ముందు ఆ మట్టం అవతల పారెయ్. నేల ఎటు వాలితే నీళ్లు అటే దిగనీ. పైన మొలిచేవే ఇక్కడా నాటు."

"పైన ఉండేది ముళ్లకంపే కదా?"

"అది పూస్తే ఎలా ఉంటుందో నీకేం తెలుసురా!"

పని మానుకుని పచ్చిక పీకాడు. అక్క కిటికీలోంచి ఒకటే అరుపులు. ఆ రాయి సగం పాతిపెట్టు, లారీలోంచి దింపినట్టు ఉండకూడదు. గడ్డి దుబ్బులు వరసగా కాదు, గుంపులుగా. పెరటి చివరి గోడ కొట్టెయ్. అరిచి అరిచి ఆకలేసి, కంచం ఖాళీ చేసేది. చివరికి పెరడు ఎక్కడ అయిపోయిందో, కొండ ఎక్కడ మొదలైందో తెలియకుండా పోయింది.

కొండకీ తెలియనట్టుంది. ఒక పొద్దున అది ఇటు తిరిగి, మెల్లగా జరిగి, గుమ్మం దాకా వచ్చి ఒంగింది. శిఖరం నీళ్లట్యాంకు అంత ఎత్తు కూడా లేదు. మేస్త్రీ పళ్లు తోముకుంటూ బయటికొచ్చేసరికి అక్క కర్ర పట్టుకుని ఎక్కుతోంది. చెయ్యి అందించబోతే, "నాకు తెలీని దారా?" అని కసిరింది. ఆమె పైకి చేరి, కూర్చుని, జుట్టు ముడేసుకున్నాక, కొండ ఆమెను కుదపకుండా లేచి తన చోటికి వెళ్లిపోయింది.

"సాయంత్రం అదే దింపుతుందిలే. నువ్వు పనికి పోరా!" పైనుంచి కేక వినిపించింది.

మేస్త్రీ నోటినిండా నురగతోనే నవ్వాడు. ఏడ్చాడు కూడా.